వంటింట మిగిలిన సమయము ఎవరిది?

ప్రొద్దుగూకిన పిమ్మట పొలమునుండి ఇల్లు చేరిన తల్లికి పొయ్యియొద్ద రెండవ పని ఆరంభమగును. కందిపప్పును అరగంట ముందు నానబెట్టిన త్వరగా ఉడుకును. కుక్కరులో ఆవిరి బిగియుటచేత నీరు సుమారు 120 డిగ్రీల వేడికి చేరును గనుక ఇంకను త్వరగా ఉడుకును. ఇట్టి ఉపాయములు సోమరితనమని కొందరందురు. మేమట్లు తలంచుట లేదు.

నిర్గమకాండము 16వ అధ్యాయము చూడుడి. ఆరవ దినమున ఇశ్రాయేలీయులు తలకు రెండేసి ఓమెరుల మన్నా కూర్చుకొని, మరునాటికి కావలసినది ముందుగానే సిద్ధపరచుకొనవలెను. ఈ యేర్పాటు దేవునిదే. ఏడవ దినమున అందరును విశ్రమించుటకే ఆయన దీనిని నియమించెను. 20వ అధ్యాయములోని ఆజ్ఞ దాసికి సహా ఆ విశ్రాంతినిచ్చెను.

మరి మన యిండ్లలో మిగిలిన అరగంట ఏమగుచున్నది? అంట్లు, బట్టలు అని అదియు తల్లిమీదనే పడుచున్నది. తక్కినవారు టీవీ యెదుట కూర్చుందురు. కుటుంబ ప్రార్థనలో ఆమెకు కునుకు పట్టినయెడల గద్దింతురు. ఆమె భక్తికి కొదువ లేదు, విశ్రాంతికే కొదువ.

యోహాను 21వ అధ్యాయములో, రాత్రియంతయు వల వేసి అలసిన శిష్యులకు, తిరిగి లేచిన ప్రభువే నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచెను. ప్రభువు చేసిన పనికి పురుషులు సిగ్గుపడనేల? నీళ్లు తోడుదము, అంట్లు కడుగుదము. ఆమెను కూర్చుండనిచ్చి, అప్పుడు అందరము కలిసి ప్రార్థింతము.