గాదె మనది, గింజలు ఎవరివి?

వారపు సంతలో చింతపండు ధర ఎవరు చెబుతారు? చెట్టెక్కి దులిపినవారు చెప్పరు, పిక్క తీసినవారూ చెప్పరు. పొద్దున్నే కావిడి మోసుకుని కొండ దిగేటప్పుడు మనం మనసులో ఒక ధర అనుకుంటాం. పొద్దు వాలేసరికి ఆ బరువును మళ్లీ కొండెక్కించలేక షావుకారు అన్న ధరకే ఇచ్చేస్తాం. షావుకారుకు కొట్టు ఉంది, రేటు పెరిగేదాకా దాచగలడు. మనం దాచలేం. దాచుకోగలిగినవాడే ధర చెబుతాడు. మన అమ్మమ్మలకు ఈ లెక్క ఏ బడీ నేర్పలేదు, సంతే నేర్పింది.

ఇప్పుడు అదే లెక్క కరెంటు రూపంలో మన కొండలకు వచ్చింది. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పుకునే మాకు పిల్లల దగ్గర్నుంచి ఒక ప్రశ్న ఎదురవుతోంది. "మాస్టారూ, ఎండ కరెంటు, గాలి కరెంటు మంచివని పుస్తకంలో ఉంది కదా. మరి దానికోసం మా గెడ్డ ఎందుకు కావాలి?" దీనికి జవాబు చెప్పాలంటే ముందుగా కరెంటు సంత ఎలా నడుస్తుందో మనం తెలుసుకోవాలి.

మన దేశంలో 2008 నుంచి విద్యుత్ ఎక్స్ఛేంజీ ఉంది. ఎక్కువ కరెంటు ఇప్పటికీ ఏళ్లకేళ్ల ఒప్పందాల మీదే అమ్ముడవుతుంది. మిగిలినదాంట్లో కొంత ఈ సంతకు వస్తుంది. ఇక్కడ రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేస్తారు. రేపటి ఒక్కో ముక్కకు ఎంత కరెంటు, ఏ ధరకు ఇస్తామో అమ్మేవారు ఈరోజే చెబుతారు. కొనేవారూ అంతే. తక్కువ ధర చెప్పినవారి కరెంటు ముందు తీసుకుంటారు. గిరాకీ తీరేదాకా అలా పైకి వెళతారు. చివరికి ఎక్కడ ఆగుతుందో ఆ ధరే అందరికీ. ఎండకు బొగ్గు ఖర్చు లేదు కాబట్టి సోలారు ముందు వరసలో నిలబడుతుంది. అందుకని మధ్యాహ్నం ధర పడిపోతుంది. పొద్దు గూకగానే సోలారు ఆగిపోతుంది, ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, ధర లేస్తుంది. 2023లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం యూనిట్‌కు 10 రూపాయలు మించకూడదని హద్దు పెట్టింది. కొన్ని సాయంత్రాలు ధర ఆ హద్దును తాకింది.

కరెంటును గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టలేం. కాబట్టి దాచగలిగినవారికే లాభం. దాచే దారుల్లో పెద్దది పంప్డ్ స్టోరేజీ. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం చవక కరెంటుతో నీటిని పైకి తోడతారు. సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. 100 యూనిట్లు పెట్టి తోడితే సుమారు 75 తిరిగి వస్తాయి. లెక్క కోసం మధ్యాహ్నం యూనిట్ 3 రూపాయలు, సాయంత్రం 8 రూపాయలు అనుకుందాం. పెట్టింది 300, వచ్చింది 600. మిగిలిన 300లో సొరంగం ఖర్చు, యంత్రం ఖర్చు, అప్పు మీద వడ్డీ, జీతాలు, లాభం అన్నీ ఉంటాయి. కొండ కూలి ఎక్కడుంది? ఏడో తరగతి పిల్లలు కూడా వేయగలిగిన లెక్క ఇది. ఈ ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంటుంది.

దీనికి నిటారు కొండలు, ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. అవి మన దగ్గర ఉన్నాయి. అందుకే ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు. ఎర్రవరం, పెదకోట, రైవాడ పేర్లు కూడా వినిపిస్తున్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే దేశానికి ఇప్పుడు గాదె కావాలి. ఆ గాదె మన కొండ.

ఇక్కడ మనం తొందరపడి మాట్లాడకూడదు. బొగ్గు మానాలన్నది నిజం. సింగరేణి బొగ్గు కూడా చాలాచోట్ల ఆదివాసీ నేల కిందదే. వాన అదను తప్పితే ముందు ఎండేది మన పోడు చేనే. మన ఇళ్లలో బల్బులున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి. కాబట్టి మాకు సంబంధం లేదని తప్పుకోవడం నిజాయితీ కాదు. చదువుకున్న కుర్రాళ్లు "ఉద్యోగాలు వస్తాయి కదా మాస్టారూ" అంటారు. వారి ఆశను తీసిపారేయలేం. అదే మీటింగులో ఒక పెద్దాయన అన్నాడు: "బాబూ, వెనక డ్యాము కట్టినప్పుడు మా తాత రాళ్లు మోశాడు. పనయ్యాక ఆయన పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు." ఇద్దరి మాటా నిజమే.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. 120 మెగావాట్లు. ఆ తీగలు మన తలల మీదుగా మైదానానికి పోయాయి. కింద ఎన్నో గూడేల్లో దశాబ్దాలపాటు కిరసనాయిలు బుడ్డీలే వెలిగాయి. తర్వాత కరెంటు వచ్చిన లెక్క ఎలా రాశారో చూడండి. బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకు వచ్చి, నూటికి పది ఇళ్లకు అందితే చాలు, ఊరంతటికీ కరెంటు వచ్చినట్టే. మిగతా తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా కాగితం మీద వెలుగే. ఎవరు లెక్కిస్తారన్నది చిన్న విషయం కాదు.

1960లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు. 1991లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ మన ఊళ్లో జరిగేదే. ఒకరి పశువులు పక్కవారి చేలో పడి పంట తిన్నాయి. హక్కు ఎవరిదో ముందే తేలితే, బేరానికి ఖర్చు లేకపోతే, ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందానికి రాగలరని ఆయన అన్నాడు. అయితే ఎవరు ఎవరికి డబ్బు ఇవ్వాలన్నది హక్కు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది. నిజజీవితంలో బేరానికి ఖర్చు ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. మనకు ఆ ఖర్చు బాగా తెలుసు. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, మీటింగు దూరాన ఉంటుంది, వెళితే ఒక రోజు కూలి పోతుంది.

అందుకే హక్కు ముందు తేలాలి, ధర తర్వాత. 1996 నాటి పీసా చట్టం భూసేకరణకు ముందు సంప్రదించాలంటుంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు అంగీకారం కావాలంటుంది. సంప్రదింపు అంటే అడగడం. అంగీకారం అంటే కాదనగలగడం కూడా. కాదనే వీలు లేనిచోట అవునన్న మాటకు విలువ ఉండదు. 2013లోనే ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గని వద్దని తీర్మానించాయి. కాదనగలమని అవి చూపించాయి.

ఆకలి సంవత్సరంలో కూడా మన పెద్దలు విత్తనం గింజను అమ్మలేదు. తిండిగింజకు ధర ఉంది, విత్తనానికి లేదు. ఊటగెడ్డ, ఊరి దేవత చోటు, పెద్దల రాళ్లు మనకు విత్తనం లాంటివి. వీటిలో ఏది బేరానికి పెట్టవచ్చు, ఏది పెట్టకూడదన్నది గ్రామసభే తేల్చాలి. బేరానికి పెట్టినదానికి ఒక్కసారి ఇచ్చే పరిహారం సరిపోదు. గాదె అద్దెకు ఇచ్చినవారికి ఏటేటా గింజ రావాలి. యంత్రం తిరిగినంత కాలం వాటా తిరగాలి. ముందు కరెంటు ఆ గూడెం ఇళ్లకే వెలగాలి. ఇది దయ కాదు, అద్దె.

తోటి టీచర్లకు ఒక మాట. సాయంత్రం ధర, మధ్యాహ్నం ధర, నూటికి డెబ్బయి అయిదు, ఈ లెక్కలు పిల్లలచేత వేయించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రాజెక్టు కాగితం ఊరికి వస్తే మన భాషలో చదివి వినిపించండి. అర్థం కానిదాని మీద వేలిముద్ర వేయనివ్వకండి. షావుకారు కుంచం పెద్దదని తెలిశాక మన పెద్దలు సంత మానలేదు. ఇంటి నుంచి తమ కుంచం పట్టుకెళ్లారు. ఈ కొత్త సంతకు కూడా మన కుంచం మనమే పట్టుకెళ్దాం.