మంచం మీంచి చెయ్యి కిందికి వెయ్యి

అమ్మలూ,

రాత్రి ఫోన్లో నీ గొంతుకన్నా ఆ కుక్కపిల్ల ఏడుపే ఎక్కువ వినపడింది. నాలుగు రాత్రులుగా కంటిమీద కునుకు లేదన్నావు. కింద వాటా వాళ్లు మొహం మాడ్చుకుంటున్నారన్నావు. వరండాలో కట్టేసి తలుపేసుకుంటే రెండ్రోజులు అరిచి అదే ఊరుకుంటుందని ఎవరో చెప్పారన్నావు. ఆ ఒక్క మాటా వినకు తల్లీ. అది చెప్పడానికే పొద్దున్నే కాగితం ముందేసుకుని కూర్చున్నా.

అరిచి అరిచి ఊరుకునే మాట నిజమే. ఎలా ఊరుకుంటుందో నేను చూశాను. నీ వయసులో ఉండగా గొర్రెల మంద దగ్గర్నుంచి ఒక కూనను తెచ్చా. మిరప కల్లం కాపలాకి పనికొస్తుందని ఆశ. నెల కూడా నిండలేదు దానికి. చావిట్లో గుంజకి పలుపుతాడుతో కట్టేశా. రెండు రాత్రులు వీధి వీధంతా లేచేలా ఏడ్చింది. మూడో రాత్రి విసుగెత్తి చెంబెడు నీళ్లు దాని మీద కుమ్మరించా. టక్కున ఆగిపోయింది. దారికొచ్చిందనుకుని పడుకున్నా. తెల్లారి చూస్తే గోడకి అతుక్కుని కూర్చుని ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కింద తడి. అది నిద్రపోలేదమ్మా, నోరు మూసుకుందంతే. దానికి మల్లిగాడని పేరు పెట్టాం. పదకొండేళ్లు మా ఇంట్లోనే బతికాడు. కల్లంలోకి పరాయివాణ్ణి అడుగుపెట్టనిచ్చేవాడు కాదు. కానీ నా చేతిలో చెంబుంటే చచ్చేదాకా దగ్గరికి రాలేదు. ముద్ద పెడతా రమ్మన్నా, ముందు నా చేతి వంక చూసేవాడు. ఆ చూపు నన్నింకా వదల్లేదు.

నీ పిల్ల పుట్టి ఎన్నాళ్లయిందో ముందు కనుక్కో. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తియ్యకూడదు. మనవాళ్లు నెలరోజులకే చేతిలో పెట్టేస్తారు. అలాంటిదైతే, తల్లి దగ్గరలోనే ఉంటే, మొహమాటపడకుండా తీసుకెళ్లి ఆ వారాలు నిండేదాకా అక్కడే ఉంచు. వయసు నిండినదైతే తల్లి పడుకునే గోనెపట్టాలోంచి ఒక ముక్క అడిగి తెచ్చుకో. ఉతక్కు. మొన్నటిదాకా ఆ పిల్ల నలుగురైదుగురు తోబుట్టువుల మధ్య ఒకదాని మీద ఒకటి పడి, తల్లి పొట్ట వెచ్చదనంలో నిద్రపోయింది. ఇవాళ ఒంటరిగా, చీకట్లో, తెలియని వాసనల మధ్య ఉంది. అందుకే ఎక్కడున్నారని పిలుస్తోంది. దాన్ని మంకుపట్టు అనుకుంటే మనకి కోపం వస్తుంది. పిలుపనుకుంటే ఏం చెయ్యాలో మనకే తోస్తుంది.

ఇది నాకు నేర్పింది మీ నాయనమ్మ. మల్లిగాడు పోయాక ఇంకోదాన్ని తెచ్చినప్పుడు తాడు తియ్యబోతే నా చేతిలోంచి లాక్కుంది. అట్టపెట్టె ఒకవైపు కోసి, లోపల తన పాత నేతచీర మడతపెట్టి, నులకమంచం పక్కనే నాపరాళ్ల మీద పెట్టింది. మంచం మీంచి చెయ్యి కిందికి వేసి పడుకుంది. అది ఏడ్చినప్పుడు ఎత్తుకోలేదు, కసరలేదు, దీపం పెంచలేదు. వేళ్లు మాత్రం దాని ముక్కు దగ్గరికి జరిపేది. అది వాసన చూసి, ఒక నిట్టూర్పు విడిచి, గడ్డం ఆ వేళ్ల మీద ఆన్చేది. ఊపిరి నెమ్మదించేది. వారం గడిచాక రోజుకో మూర చొప్పున పెట్టెను దూరం జరుపుకుంటూ పోయింది. నెల తిరిగేసరికి అది గుమ్మం దగ్గర, మేం లోపల, తెల్లవార్లూ చడీచప్పుడు లేదు. అది కంటినిండా నిద్రపోవడం చూశాకే మల్లిగాడికి నేను చేసిందేమిటో నాకు పూర్తిగా అర్థమైంది.

నువ్వూ అలాగే చెయ్యి. అలవాటు పాడవుతుందని భయపడకు. భయం తీరిన పిల్లే ఒంటరిగా పడుకోగలదు. పగటిపూట కూడా నువ్వు పక్కగదిలోకి వెళ్లి రెండు నిమిషాలకొకసారి, తర్వాత ఐదుకి, పదికి వస్తూ ఉండు. వెళ్లిన మనిషి తిరిగొస్తుందని పగలు తెలిస్తే రాత్రి నమ్మకం కుదురుతుంది.

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు. పడుకున్న చోట పాడుచేసుకోవడం దానికీ ఇష్టముండదు, కొన్ని ఏడుపులు అందుకే. పదిన్నరకి, ఒంటిగంటన్నరకి, నాలుగున్నరకి అలారం పెట్టుకో. అది ఏడవకముందే నువ్వే లేపి తీసుకెళ్లు. మాటలొద్దు, ఆటలొద్దు. పని అవగానే మెల్లగా వీపు నిమిరి పెట్టెలోకి. రోజులు గడిచేకొద్దీ ఒక్కో అలారం తీసెయ్యొచ్చు.

రాత్రి తిండి ఏడుగంటలకల్లా అయిపోవాలి. ప్యాకెట్ పాలు చాలా పిల్లలకి పడవు, కడుపు ఉబ్బి విరేచనాలై అవే రాత్రి ఏడుపులవుతాయి. మెత్తగా ఉడికిన అన్నంలో ఉడకబెట్టిన గుడ్డో, ఎముకల్లేని చికెనో కలుపు. మన కూరలు మాత్రం వద్దు. మన కారం సంగతి సరే, ఉల్లిపాయ, వెల్లుల్లి వాటికి విషం. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచు.

ఇంకో సంగతి. ఈ వయసు పిల్ల రోజుకి పద్దెనిమిది గంటలు నిద్రపోవాలి. నువ్వు కాలేజీ నుంచి రాగానే ముద్దొచ్చి గంటలకొద్దీ ఆడిస్తున్నావు, పక్కింటి పిల్లలూ చేరుతున్నారు. నిద్ర చెడిన పసిపిల్ల పేచీ పెట్టినట్టే ఇదీ కరుస్తుంది, కేకలేస్తుంది. సాయంత్రం కాసేపు ఆడించి, ఎనిమిదింటినుంచి ఇల్లు సద్దుమణిగేలా చూడు. వీధి గేటు కనపడేచోట పడక వద్దు. పోయే ప్రతి బండికీ లేచి మొరుగుతుంది. అది మొరిగినప్పుడు నువ్వూ గట్టిగా అరిస్తే, తనతోపాటు నువ్వూ మొరుగుతున్నావనుకుంటుంది. మొరగడం ఆపిన రెండు క్షణాల్లో మెచ్చుకో.

వీటన్నిటికీ ముందు ఒకసారి పశువుల డాక్టరుకి చూపించు. నులిపురుగులుంటే కడుపునొప్పితో పడుకోనివ్వవు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. ఏడుపు మూలుగులా మారినా, వాంతులైనా, విరేచనంలో నెత్తురు కనపడినా తెల్లారేదాకా ఆగకు. నిద్రకని మనుషుల మందు చుక్క కూడా వెయ్యొద్దు. దాని పన్ను ఎవరికి గీరుకున్నా సబ్బుతో ధారగా పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పిల్లదేలే అని వదిలెయ్యకండి.

శివరాత్రి పది రోజుల్లో పడింది. కోటప్పకొండకి ప్రభలు మైకులతో మీ నరసరావుపేట మీదుగానే వెళ్తాయి. ఆ రాత్రి దాన్ని వదిలి తిరనాళ్లకి వెళ్లకు తల్లీ. కిటికీలు మూసి, ఫ్యాను పెట్టి, పక్కన కూర్చో. తర్వాత ఎండాకాలం. రెంటచింతల పేరు పేపర్లలో మోగే రోజుల్లో మేడ స్లాబు రాత్రి పదింటికి కూడా కుంపటే. అప్పుడు చీర తీసేసి ఉత్త నాపరాయి మీద పడుకోనివ్వు, తడిపి పిండిన గోనె పక్కన పరుచు.

కింద వాటా వాళ్ల దగ్గరికి ఇవాళే వెళ్లు. ఇంకో పది రోజులు ఓర్చుకోమని నోరు తెరిచి అడుగు. అలా అడిగినవాళ్లని కాదనే మనుషులు మన పల్నాట్లో తక్కువ.

శనివారం గురజాల నుంచి మొదటి బస్సుకి వస్తా. మీ నాయనమ్మ పాత చీర ఒకటి తెస్తున్నా. ఆ రాత్రి నువ్వు లోపల తలుపేసుకుని పడుకో, అలారాలు నా తల దగ్గర పెట్టు. మీ ఇంట్లో నులకమంచం లేదుగా, దాని పెట్టె పక్కన నాకో చాప వేస్తే చాలు.

మీ తాత