కాయకమునకు కొలత

పని చేయించుకొని జీతమియ్యని యజమానునిపై వ్యాజ్యము వేయుట ధర్మమా? ఈ ప్రశ్న నేడు మూసాపేటలోని అద్దె గదులలో తరచు వినబడుచున్నది. అచ్చట మెట్రో యెక్కి, అమీర్‌పేటలో బండి మారి రాయదుర్గము వైపు ఉద్యోగములకు పోవు యువకు లనేకులు. అట్టివాని నొకని తలచుకొందము. మూడు మాసములు జీతము రాలేదు. విసిగి రాజీనామా చేసెను. “నిధులు రాగానే యిత్తుము” అని సంస్థవారు చెప్పుచునే యున్నారు. అద్దెకు తండ్రి ఊరినుండి పంపుచున్నాడు. ఆ తండ్రియే “ఉప్పు తిన్న యిల్లు, కోర్టు కెక్కకుము నాయనా” అనుచున్నాడు. రిలీవింగ్ లెటర్ ఇయ్యరని, కొత్త సంస్థవారు పాతవారిని విచారింతురని మిత్రులు భయపెట్టుచున్నారు.

తండ్రి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. కృతజ్ఞత గొప్ప గుణమే. కాని యిచ్చట ఉప్పు ఎవరిది, తిన్నదెవరు? మూడు మాసముల శ్రమను అనుభవించినది సంస్థ. ఋణపడినవాడు యజమానుడే.

కల్యాణమున రాలిన బియ్యము నేరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్యగారి కాయకము. ఒకనాడు నిత్యముకంటె నధికముగా తేగా, ధర్మపత్ని లక్కమ్మ ఆ మిగులును తిరిగి యచ్చటనే వేసి రమ్మని పంపినది. అత్యాశ కూడదని చెప్పుటకు ఈ కథను ఉపన్యాసములలో వాడుదురు. కొందరు ఇంకొక యడుగు వేసి, దొరికినదానితో తృప్తిపడుమని శ్రమికునికే బోధింతురు. ఇది వక్రవ్యాఖ్య. లక్కమ్మ చూచినది కొలత. తనది కాని గింజ యింట నుండరాదన్న యామె న్యాయము, పరుల జీతమును తన పెట్టెలో నుంచుకొన్న యజమానునికి ముందుగా తగులును. బిజ్జలుని భాండాగారమును వ్యయపరచెనని నింద మోపబడినప్పుడు బసవేశ్వరుడు లెక్క చూపెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. లెక్క యడుగుట ద్రోహము కాదు.

ఇక లోకవ్యవహారము. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము 2017 తరువాత నెలకు 24,000 రూపాయలకు లోబడిన జీతగాండ్రకే వర్తించెడిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో పలువురు దాని వెలుపలనే యుండిరి. 2019లో చేయబడి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడ్ ఆ పరిమితిని తొలగించినది. రాజీనామా చేసినవానికి రెండు పనిదినములలో బాకీ తీర్చవలెను. ఫిర్యాదునకు మూడు సంవత్సరముల గడువు కలదు. జీతమిచ్చితినని నిరూపించు భారము యజమానునిదే. ఈ కార్మికశాఖ కార్యాలయ మున్న భవనము అంజయ్యగారి పేర వెలసినది. మూసాపేటకు ఇరుగైన సనత్‌నగరు ఆల్విన్ కర్మాగారమున కూలిగా చేరి, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రియైన టంగుటూరి అంజయ్యగారే యాయన.

ఓర్చి వేచియుండుటయే మంచిదందురా? 1937లో బోధన్ వద్ద వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించినది. 2019లో దానిని దివాలా మార్గమున లిక్విడేషన్‌కు పంపిరి. కార్మికుల బకాయిల మొర ఏండ్ల తరబడి వినబడినది. సంస్థ యట్లు మునిగినపుడు, 2016 దివాలా చట్టము ప్రకారము, శ్రామికుల 24 నెలల బాకీ తాకట్టు ఋణదాతలతో సమానముగా నిలుచును; తక్కిన ఉద్యోగుల 12 నెలల బాకీ వారి తరువాతనే. మన మూసాపేట యువకుడు ఈ రెండవ వరుసలో నిలువవలసిరావచ్చును. జాగు చేసినకొలది చేతికందునది తగ్గును.

అయిన నొక చిక్కు కలదు. బాకీపై పది రెట్ల వరకు పరిహార మిప్పించు అధికారము కొత్త కోడ్ ఇచ్చినది. దానిని చూపి బేరమాడవచ్చునా? ఇచ్చట లక్కమ్మ మాట యువకునికి వర్తించును. జీతమును, దానివలన కలిగిన నిజమైన నష్టమును అడుగవలెను. దండన విధించుట అధికారి పని; దానిని ఆశించి వ్యాజ్యము నడపువాడు బియ్యము మిగులు తెచ్చినవాడే యగును.

నిజముగా చితికిపోయిన యజమానుడును ఉండును. తన యిల్లమ్మి జీతము లియ్యజూచువానితో వాయిదాలు వ్రాయించుకొనుట మానవత్వము. తాను మాత్రము నెల నెల సొమ్ము తీసికొనుచు, ఆఫీసు అద్దె కట్టుచు, ఉద్యోగికి లేదనువాడు ఆ కోవకు రాడు. “క్షమింపుము” అనువారు ఒకటి మరచుదురు: తన వంతును వదలుకొను హక్కు యువకునికి కలదు, తండ్రి పంపిన అద్దె సొమ్మును క్షమించు హక్కు అతనికి లేదు. రాని జీతముతో దాసోహము చేయుటయు సాధ్యము కాదు.

ఈ పత్రిక చదువు గృహములలోను మఠములలోను వంటవారు, కారు నడుపువారు, పశువుల చూచువారు కలరు. వారి జీతము ఏ తేదీన ముట్టుచున్నదో ఆ యింటివారు చూచుకొనుట మంచిది. అడుగుటకు వారికి రాయదుర్గపు యువకుని చదువు లేదు.

ఆ యువకుడు మొదట స్పీడ్ పోస్టులో మర్యాదగా నొక లేఖ వ్రాసి, పదునైదు దినములు గడువియ్యవలెను. నియామక పత్రము, జీతపు చీటీలు, బ్యాంకు పుస్తకము దగ్గర నుంచుకొనవలెను. గడువు దాటిన పిమ్మట ఫిర్యాదు వేయవలెను. ఆ కాగితములను వరుసగా పేర్చి చేతికిచ్చువాడు తండ్రియే యైనచో మరియు మేలు.