మన ప్రదక్షిణ దేని చుట్టూ?

 

మొన్న నకిరేకల్‌లో ప్రవచనం అయిపోయాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అయ్యగారూ, ప్రతి అమావాస్యకు చెరువుగట్టు పోత. జడల రామలింగేశ్వరుని చుట్టూ ప్రదక్షిణలు చేస్త. కానీ పొలం గట్టు పంచాయితీల మా తమ్మునితోటి మాటలు బందై పదేండ్లాయె. నాకు భక్తి ఉన్నట్టా, లేనట్టా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తుంటే ఆకాశం గుర్తొచ్చింది.

మన సూర్యుడు ఉన్న నక్షత్రాల సముదాయమే పాలపుంత. దాని బరువెంత? తక్కెడలో పెట్టి తూచలేం. పైగా అందులో ఎక్కువ భాగం కంటికి కనపడని పదార్థం. అయితే దాని చుట్టూ గోళాకార నక్షత్ర గుచ్ఛాలు తిరుగుతుంటాయి. నడుమ బరువు ఎక్కువైతే లాగుడు ఎక్కువ, తిరిగే వేగమూ ఎక్కువ. 2019లో శాస్త్రవేత్తలు హబుల్, గాయా టెలిస్కోపుల కొలతలతో 46 గుచ్ఛాల కదలిక చూసి లెక్క తేల్చారు: సుమారు లక్షన్నర కోట్ల సూర్యుల బరువు! అందులో నక్షత్రాల వాటా చాలా కొద్ది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి.

ఒకటి, ఆ కదలిక ఒక్క రాత్రిలో తెలవదు. ఏళ్ల ఎడంతో తీసిన ఫోటోలు పోల్చాలి. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు లక్షల నక్షత్రాల స్థానాలు ఫోటో పలకల మీద కొలిచి పెట్టారు. ఆ పాత కొలతలే తర్వాతి వాళ్లకు నక్షత్రాల కదలిక పట్టుకోవడానికి అక్కరకొచ్చాయి.

రెండు, గుచ్ఛం మన వైపు వస్తున్నదా, దూరం పోతున్నదా అన్నది ఒక్కటే చాలదు. పక్కకు ఎంత జరుగుతున్నదో కూడా కావాలి. రెండూ కలిస్తేనే అసలు వేగం.

కనపడని ఆ పదార్థమే దేవుడని నేను అనడం లేదు. శాస్త్రం లెక్క శాస్త్రానిది. నాకు దొరికిన పాఠం ఇంతే: నడుమ ఏమున్నదో చుట్టూ తిరిగేదాని నడకే చెప్తుంది.

మరి మన నడక ఏం చెప్తున్నది? గుళ్లో నడక ఒకటి, ఇంట్లో, పొలం కాడ నడక ఇంకొకటి. రెండూ కలిపి, పదేళ్లు చూసుకోవాలి. నా సంగతీ దాచను. ప్రవచనం ముగియగానే నా చేయి ఫోన్ మీదికే పోతుంది, వీడియో ఎంతమంది చూశారోనని. నేను తిరిగేది శివుడి చుట్టూనా, నా పేరు చుట్టూనా?

పెద్దాయనా, ఈ మాటలు మీకు చేరితే వినండి. మీ కాళ్లు శివుని చుట్టూ, మనసు పొలం గట్టు చుట్టూ తిరుగుతున్నాయి. అయినా మీకు భక్తి లేదని అనను. ఎంత దూరాన ఉన్న గుచ్ఛాన్నయినా నడుమ ఉన్న బరువు లాగుతూనే ఉంటుంది. మీచేత ఆ ప్రశ్న అడిగించింది ఆ స్వామి లాగుడే. వచ్చే అమావాస్యకు ముందు ఒక్కసారి తమ్ముడి గడప దాకా నడవండి. తలుపు తీస్తాడో లేదో నేను చెప్పలేను. ఆ నడక కూడా ప్రదక్షిణే.

శుభం భూయాత్.