చలువ ఎవరిది?

బయటి గోడకు ఆనించిన బీరువాలో చేరే చలువ ఎవరి గుణం? గోడదా, బీరువాదా, రెంటి నడుమ చేరిన నీటిదా? ద్రవ్యాన్నీ గుణాన్నీ విడదీసి చూసే న్యాయ వైశేషిక దర్శనాలకు ఇది తగిన ప్రశ్న. నివారణ కూడా జవాబును బట్టే ఉంటుంది.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు, ఈ దర్శనాలను వివరించే తర్కసంగ్రహంలో తొమ్మిది ద్రవ్యాలను చెప్పాడు. వాటిలో చల్లని స్పర్శ నీటిది, వేడి స్పర్శ తేజస్సుది, అంటే నిప్పుది. పృథివీ వాయువుల స్పర్శ చల్లనిదీ కాదు, వేడిదీ కాదు. వాసన ఒక్క పృథివికే ఉంది. ఈ లెక్కన మట్టీ రాయీ కలిసిన గోడకు చలువ సొంతం కాదు, నీటి కలయికతో బయటి నుంచి వచ్చిన ఆగంతుక గుణం. బీరువా తలుపు తీయగానే కొట్టే ముక్క వాసన నీటిది కాదు. తడిసిన చెక్కది, బట్టది, వాటికి పట్టిన బూజుది.

అలాంటి గోడలున్న ఒక ప్రాంతాన్ని చూద్దాం. కడప జిల్లా ఎర్రగుంట్ల నాపరాతి గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు పేరుపడిన ఊరు. ఆ ప్రాంతంలో నాపరాళ్ళను మట్టితో పేర్చి కట్టిన పాత గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండలే కాబట్టి చెమ్మ సంగతి గుర్తుకు రాదు. అక్టోబరు, నవంబరు వానల్లో అది బయటపడుతుంది. నాపరాయి గట్టిది, నీటిని అంతగా పీల్చదు. రాళ్ళ నడుమ ఉన్న మట్టే నీటికి దారి. పునాది కింద నేల తడిసినా నీరు సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది, తనతోపాటు ఉప్పును తెస్తుంది. గోడ ఆరాక అడుగున తెల్లటి పొడిలా పొంగేది ఆ ఉప్పే.

చెమ్మ గాలి నుంచి కూడా రావచ్చు. 25 డిగ్రీల గాలి ఘనమీటరుకు సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 15 డిగ్రీలకు చల్లబడితే 13 గ్రాములే మోస్తుంది, మిగిలింది చల్లని గోడ మీద నీరవుతుంది. బీరువా వెనక గాలి ఆడదు, గది వెచ్చదనం అందదు. అందుకే ముందుగా తడిసేది ఆ చోటే.

పొడి నాపబండ మీద చెయ్యి పెట్టినా చల్లగానే తగులుతుంది. అరచేతి వేడిని రాయి త్వరగా లాక్కోవడమే దానికి కారణం. భౌతికశాస్త్రం ప్రకారం చలువ ఏ ద్రవ్యానికీ గుణం కాదు, వేడి తగ్గడమే చలువ. ఇక్కడ పాత సిద్ధాంతాన్ని సవరించుకోక తప్పదు. అయినా ఏది సహజం, ఏది ఆగంతుకం అని అడిగే పద్ధతి నిలుస్తుంది.

కారణాన్ని తేల్చేవి అన్వయ వ్యతిరేకాలు: ఏది ఉంటే ఫలం ఉంటుంది, ఏది లేకుంటే ఉండదు అన్న పరీక్ష. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా అతికించి రెండు రోజులు ఉంచాలి. గోడ వైపు తడిస్తే నీరు గోడ నుంచి వస్తోంది. గది వైపు తడిస్తే గాలి నుంచి వస్తోంది. కంటికి కనిపించే కారణం ఉండగా కనిపించని కారణాన్ని ఊహించడం తగదని శాస్త్రకారుల మాట. పట్టుచీర బూజు పడితే ఇంటి దోషమనో, కర్మఫలమనో అనుకునే ముందు గోడను తడిమి చూడాలి.

నివారణ కూడా తర్కంలోనే ఉంది. సంయోగంతో (కలయికతో) వచ్చినది విభాగంతో (విడదీయడంతో) పోతుంది. బీరువాను గోడకు బెత్తెడు ఎడంగా జరపాలి, కాళ్ళ కింద బండముక్కలు పెట్టాలి. వాన లేని పూట కిటికీలు తెరవాలి, బట్టలూ పుస్తకాలూ ఎండలో ఆరబెట్టాలి. నీరు గోడ నుంచే వస్తుంటే ఎడం ఒక్కటే చాలదు. బయటి వైపు అతుకులు పూడ్చి, వాననీరు పునాది దగ్గర నిలవకుండా వాలు తీయాలి.

విభాగానికి ఒక హద్దుంది. బట్ట దారాలలో విడదీయరాని సమవాయ సంబంధంతో ఉంటుందని వైశేషికులు అంటారు. దారాల కూర్పు చెడితే బట్టే నశిస్తుంది. బూజు దారాన్ని తినేశాక చెమ్మ ఆరినా చీర తిరిగి రాదు. ఆగంతుకమైనది పోయేదే అయినా, అది ఆశ్రయాన్ని తినేయకముందే దాన్ని పోగొట్టాలి.