ప్రతి కణానికీ ఒక గుమ్మం

 

మనిషి తన దేహాన్ని తానే పరిశీలించి చూడాలని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిచ్చింది. ఆ పిలుపు విని "సుబ్‌హానల్లాహ్" అనుకుని ఊరుకుంటే సరిపోదు. తెలుసుకున్నది ఇంట్లో బిడ్డ ప్రాణం కాపాడటానికి పనికిరావాలి. అందుకే ఈ నెల మేము కణత్వచం గురించి, అంటే ఒంట్లోని ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర గురించి చెప్పదలిచాము.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పత్తికాయ పగిలితే దూది కనిపిస్తుంది. అందులో ఒక్కొక్క పోగు ఒకే ఒక్క కణం! గింజపై కంటికి ఆనని ఆ కణం నీళ్లు పీల్చుకుని, ఆ ఒత్తిడితో దాదాపు 3 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. లోపలి నీటిని, ఉప్పును జారిపోకుండా పట్టి ఉంచేది దాని పొర.

ఈ పొర మందం మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా ఉండదు. కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడితే ఈ పొర అవుతుంది. ఒక్కొక్క అణువుకు నీటిని ఇష్టపడే తల, నీటికి దూరంగా జరిగే తోకలు ఉంటాయి. తలలు బయటికీ లోపలికీ తిరిగి ఉంటాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. కూరలో నూనె, నీళ్లు విడిపోవడం మన ఇంటి ఆడవాళ్లు రోజూ చూసేదే. ఆ గుణంతోనే అల్లాహ్ కణానికి గోడ కట్టాడు. ఆ గోడలో అక్కడక్కడా ప్రోటీన్లతో చేసిన గుమ్మాలున్నాయి. ఏది రావాలో, ఏది పోవాలో అవి చూసుకుంటాయి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో దీన్ని విచక్షణా త్వచం అంటారు. ఎంత చక్కని పేరు!

ఊరగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు తెల్లారేసరికి నీరు ఊరి ఉంటాయి కదా. నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపు నడుస్తాయి. చక్కెర విషయమూ అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

పేగు గోడలోని కణాలకు ఒక ప్రత్యేకమైన గుమ్మం ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు రెండూ జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ రెండూ లోపలికి వెళితే వాటి వెంట నీళ్లూ వెళతాయి. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణాన్ని వివరించాడు. లోపలికొచ్చిన సోడియాన్ని కణం వెనకవైపు నుంచి ఒక పంపు తోడేస్తూ ఉంటుంది. దానికి ఇంధనం ఎ.టి.పి. అనే పదార్థం. దాన్ని 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు.

కలరా విషం పేగు కణాల్లో ఉప్పును బయటికి వదిలే దారిని తెరిచేస్తుంది. దాని వెంట ఒంట్లోని నీరంతా కారిపోతుంది. అంతటి జబ్బులోనూ ఉప్పూ చక్కెర జంటగా ప్రవేశించే గుమ్మం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది! ఇది ఆయన కారుణ్యం కాక మరేమిటి? 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బంగావ్ శిబిరంలో కలరాతో పిట్టల్లా రాలిపోతుండగా, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఇక మన ఇళ్ల సంగతి. బిడ్డకు నీళ్ల విరేచనాలైతే "నీళ్లు తాగిస్తే ఇంకా పోతాయి" అని గొంతు ఎండబెట్టే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దమ్ చేయించి, తావీజు కట్టించి ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. దుఆ చేయండి, తప్పక చేయండి. అయితే ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఆశా కార్యకర్తను అడగండి. దాని మీద రాసినన్ని నీళ్లలోనే మొత్తం కలపాలి. ప్యాకెట్టు దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అంతకు మించి వేయవద్దు. కూల్‌డ్రింకు అసలే వద్దు. మామిడి ముక్కల సంగతి గుర్తుందిగా, అధిక చక్కెర నీటిని ఒంట్లోంచి పేగులోకి లాగేస్తుంది. తల్లిపాలు ఆపవద్దు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా ఆసుపత్రికి పరుగెత్తండి.

రహ్మాన్ సూరాలో రెండు జలాల మధ్య తెర గురించి ఉంది కాబట్టి కణత్వచం గురించి ముందే చెప్పేశారని కొందరు వక్తలు ఉత్సాహంగా అంటుంటారు. మేము అలా అనము. శాస్త్రం రేపు మాట మార్చుకోవచ్చు. ఖుర్ఆన్‌కు దాని సాక్ష్యం అవసరం లేదు.

రమజాన్‌లో రోజా ఉండగా వాంతులు, విరేచనాలతో నీరసించిపోతే మొండిగా సాయంత్రం దాకా ఆగకండి. వ్యాధిగ్రస్తునికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. రోజా విరమించి ఉప్పు, చక్కెర కలిపిన ఆ నీళ్లే తాగండి. కోలుకున్నాక ఆ ఒక్క రోజా ఖజా చేసుకోవచ్చు.