ఓపిక అయిపోయాక

కార్సన్ సిటీ



నువ్వు పంపిన మెసేజీ, నీ వాచీ గీసిన మ్యాపూ చూశాను. స్పూనర్ సమ్మిట్‌లో బయల్దేరి, మార్లెట్ సరస్సు పైన గట్టు దాకా పరిగెత్తి, మళ్ళీ అదే దారిన దిగొచ్చావన్నమాట. ఫ్రీమాంట్‌లో అపార్ట్‌మెంటు చుట్టూ పరుగు మొదలెట్టినవాడివి, అప్పుడే టాహో కొండలెక్కావంటే మీ అత్తా నేనూ మురిసిపోయాం. కానీ మెసేజీ చివర్న ఒక మాట రాశావు. చేతికర్రలతో నడుస్తున్న ముసలి జంట ఒకటి ఎదురొచ్చిందనీ, ఎంతకీ తప్పుకోలేదనీ, వాళ్ళ వల్ల నీ టైము పాడయిందనీ. పక్కనే కోపంగా ఉన్న పసుపు మొహం బొమ్మ ఒకటి. ఈ ఉత్తరం ఆ మాట గురించే. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కనుక కాగితం మీద పెడుతున్నాను.

ముందు రూలు సంగతి తేల్చేద్దాం. నువ్వు పరిగెత్తిన టాహో రిమ్ ట్రెయిల్ మీద సైకిలువాడు నడిచేవాడికి దారివ్వాలి. గుర్రం ఎదురైతే ఇద్దరూ తప్పుకోవాలి. కాలినడకన పోయేవాళ్ళలో దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి. పరిగెత్తేవాడికని విడిగా హక్కేదీ లేదు. బాట లెక్కలో నువ్వూ పాదచారివే, కాకపోతే తొందరలో ఉన్నావు. నీ మ్యాపు చూస్తే ఆ సమయానికి నువ్వు స్నో వ్యాలీ శిఖరం వైపు నుంచి దిగుతున్నావు. వాళ్ళు ఎక్కుతున్నారు. ఆగవలసింది నువ్వు. ఎత్తెక్కేవాడి చూపు తన కాళ్ళ ముందు రెండడుగుల మేరే ఉంటుంది. ఊపిరి ఒక తీరున పడి ఉంటుంది, ఒకసారి ఆగితే మళ్ళీ ఆ తీరు కుదరడానికి చాలాసేపు పడుతుంది. దిగేవాడికి ముందున్నదంతా కనబడుతుంది, ఆగినా మళ్ళీ అందుకోవడం తేలిక. అలిపిరి మెట్ల మీద మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కే ఆడవాళ్ళను నువ్వెప్పుడైనా పక్కకి జరగమన్నావా? వంగి ఉన్న మనిషిని చుట్టి నువ్వే వెళ్ళావు. అక్కడున్న బుద్ధి ఇక్కడికొచ్చేసరికి ఎక్కడ జారిపోయింది?

నువ్వు పొగరుబోతువని నేననుకోవడం లేదు, అల్లుడూ. నువ్వు అలిసిపోయి ఉన్నావు, అంతే. సముద్ర మట్టానికి దగ్గరగా బతికేవాడివి, రాత్రికి రాత్రి కారులో వచ్చి పొద్దున్నే కొండెక్కావు. టాహో సరస్సు ఉపరితలమే 1,897 మీటర్ల ఎత్తున ఉంది. దాని చుట్టూ తిరిగే బాట రిలే శిఖరం దగ్గర 3,151 మీటర్లకు చేరుతుంది, అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కింద అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అంత కరువులో పడ్డ ఒళ్ళు కాళ్ళకంటే ముందు పెద్దమనసుకి కోత పెడుతుంది. మొదటి పది కిలోమీటర్లూ అందరూ మర్యాదస్తులే. గుడ్ మార్నింగ్ చెబుతారు, నవ్వుతారు, ఫోటో తీసిపెడతారు. ఇరవై దాటి, నీళ్ళ సీసా అడుగంటి, మడమ ఒరుసుకుంటున్నప్పుడు ఎదురొచ్చినవాడితో ఎలా ఉన్నావన్నదే నేను అడిగేది. పేసు ఎంతో అడగను. నీ గుండె లెక్క, అడుగుల లెక్క రాసే వాచీకి ఆ సంగతి పట్టదు. పట్టించుకోవలసింది నువ్వు.

రికార్డుల మోజు నాకూ తెలుసు. 2009లో కిలియన్ జోర్నెట్ అనే కాటలోనియా కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఇంకా నిండనివాడు, ఈ బాట మొత్తం, అంటే దగ్గర దగ్గర 265 కిలోమీటర్లు, 38 గంటల 32 నిమిషాల్లో చుట్టేశాడు. ఆ మాట విన్నప్పుడు నేను కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాను. తర్వాత వేరేవాళ్ళు దాన్నీ చెరిపేశారు. ఎవడి టైము ఎవడు చెరిపినా బాట మాత్రం ఉండాలి కదా, దాని సంగతికి వస్తాను.

ఆ బాట అక్కడ మొదటినుంచీ ఉన్నది కాదు. 1970ల చివర్లో గ్లెన్ హాంప్టన్ అనే అటవీశాఖ ఉద్యోగికి సరస్సు చుట్టూ గట్టు మీదుగా ఒక దారి ఉంటే బాగుంటుందని తోచింది. 1984లో తవ్వకం మొదలయింది, 2001లో చుట్టు కలిసింది. ఆ పదిహేడేళ్ళూ ఎక్కువగా చెమటోడ్చింది జీతం లేని మనుషులు. టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్ళు, వేసవి సెలవుల్లో పిల్లలు. నువ్వు ఎగిరి దాటిన ప్రతి రాతి మెట్టునూ ఎవరో ఒకరు గడ్డపారతో దొర్లించి, కుదురుగా కూర్చోబెట్టారు. చేతికర్రలతో వచ్చిన ఆ ఇద్దరూ వాళ్ళలోవాళ్ళే కావచ్చు. ఈ వైపున ఆ వయసువాళ్ళు కనబడితే అలా అనుకోవడమే మంచిది.

నువ్వు కారు పెట్టిన స్పూనర్ సమ్మిట్‌కి ఇంకో కథ ఉంది. 1859లో వర్జీనియా సిటీ దగ్గర కామ్‌స్టాక్ వెండి బయటపడింది. గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి దూలాలు కావాలి, దూలాలకు చెట్లు కావాలి. టాహో ఒడ్డున గ్లెన్‌బ్రూక్‌లో కోసిన కలపను చిన్న రైలు మీద స్పూనర్ దాకా ఎక్కించి, అక్కడినుంచి నీళ్ళు పారే చెక్క కాలవలో కార్సన్ సిటీకి జార్చేవారు. ముప్పై నలభై ఏళ్ళలో కొండలు చాలావరకు బోడిగుండ్లయ్యాయి. నువ్వు "ఆదిమ అరణ్యం" అని రాసిన చోట నిలబడ్డ చెట్లలో చాలా భాగం ఆ నరుకుడి తర్వాత లేచినవే. అంతకుముందు 1861లో మార్క్ ట్వెయిన్ టాహో ఒడ్డుకే వచ్చాడు. వంట కోసం రాజేసిన నిప్పును వదిలి పడవ దాకా వెళ్ళొచ్చేలోపు అడవి అంటుకుంది. ఆ సంగతి తనే "రఫింగ్ ఇట్"లో రాసుకున్నాడు. గొప్పగా రాశాడు, కాదనను. అడవికి మాత్రం ఆ గొప్పతనంతో పనిలేదు.

నీ మ్యాపులో ఇంకోటి కూడా కనబడింది. బాట మెలిక తిరిగే చోట రెండు తావుల్లో నీ ఎర్రగీత మెలిక తిరగకుండా నిట్టనిలువుగా దిగింది. అడ్డదారి తొక్కావు. నేను రోడ్లు వేసి బతికినవాణ్ణి కనుక దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకో. రోడ్డుకి అసలు శత్రువు నీళ్ళు, లారీలు తర్వాత. కొండ బాటను ఆ మెలికలు తిప్పేది వాలు తగ్గించడానికి. వాలు తగ్గితే నీటికి వేగం తగ్గుతుంది, బాటను కోయకుండా పక్కకి జారిపోతుంది. నువ్వు నిలువునా దిగిన చోట మట్టి వదులవుతుంది. నీ వెనకొచ్చినవాడికి అది దారిలా కనబడుతుంది. మూడో ఏడాదికి మంచు కరిగిన నీళ్ళు కూడా అదే దారి పడతాయి, తర్వాత అది గండి. అక్కడి నేల నలిగిన గ్రానైట్ ఇసుక, చేత్తో గీకితే వచ్చేస్తుంది.

వచ్చిన మట్టి పోయేది సరస్సులోకే. 501 మీటర్ల లోతున్న ఆ సరస్సులోకి 1968 నుంచీ కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు పాతిక సెంటీమీటర్ల తెల్ల పళ్ళెం ఒకటి తాడుతో దించుతున్నారు. అది కంటికి కనబడకుండా పోయే లోతే నీటి తేటదనం కొలత. మొదటి ఏడాది సగటు 31 మీటర్లు. ఈమధ్య ఏళ్ళలో 20 మీటర్ల చుట్టుపక్కల ఆడుతోంది. తేటదనం తగ్గడానికి నాచు ఒక కారణం, కంటికి ఆననంత సన్నటి మట్టి రేణువులు అంతకంటే పెద్ద కారణం. అందులో ఎక్కువ భాగం రోడ్ల నుంచీ ఊళ్ళ నుంచీ కొట్టుకొచ్చేదే, నీ బూట్ల కింద లేచింది దాంట్లో ఏపాటి అంటావేమో. నిజమే, అతి స్వల్పం. కానీ నువ్వు అడ్డదారి తొక్కి మిగుల్చుకున్నది ఎంత, చెప్పు? పదిహేను సెకన్లా?

ఒళ్ళు చేయగలిగిందల్లా చేసి తీరాలనుకునేవాళ్ళకు చెప్పదగ్గ కథ నీ దారిలోనే ఉంది. సౌత్ లేక్ టాహో దాటి 50వ నంబరు రోడ్డు మీద వస్తుంటే రెండు సొరంగాలున్న పెద్ద రాతి గుట్ట తగులుతుంది, అదే కేవ్ రాక్. సరస్సు ఒడ్డున తరతరాలుగా ఉంటున్న వాషో జాతివాళ్ళకు అది పవిత్ర స్థలం. వాళ్ళలో కూడా ఎవరుబడితే వాళ్ళు అక్కడికి పోరు, మంత్రవైద్యులకే ఆ అధికారం. రోడ్డువాళ్ళు దాన్ని తొలిచి సొరంగాలు వేశారు, అప్పుడు వాషోల మాట విన్నవాడు లేడు. తర్వాత కొండలెక్కే క్రీడాకారులు వచ్చి గుహ కప్పుకి మేకులు కొట్టి, దేశంలోనే అతి కష్టమైన దారులు కొన్ని అక్కడ తయారుచేసుకున్నారు. అటవీశాఖ ఎక్కడాన్ని నిషేధిస్తే వాళ్ళ సంఘం కోర్టుకెక్కింది. 2007లో అప్పీలు కోర్టు నిషేధాన్నే నిలబెట్టింది, ఆ తర్వాత మేకులు పీకేశారు. అక్కడ ఎక్కినవాళ్ళ చేతుల బలం చిన్నదని నేననను. ఇంకొకరి గుడి గోపురం మీద దాన్ని చూపించాలా అన్నదే నా ప్రశ్న. నువ్వు ఆ సొరంగంలోంచి వెళ్ళేటప్పుడు కారులో పాట ఆపమని కూడా అననులే.

నువ్వు పరుగు వీరుల గురించి చదువుతావు కదా, 2015 వెస్టర్న్ స్టేట్స్ సంగతి చదివావా? టాహోకి వాయవ్యాన ఒలింపిక్ వ్యాలీలో మొదలై ఆబర్న్‌లో ఒక హైస్కూలు మైదానంలో ముగిసే 100 మైళ్ళ పందెం అది. గడువు 30 గంటలు. ఆ ఏడాది గన్‌హిల్డ్ స్వాన్సన్ అనే డెబ్భై ఏళ్ళ ఆవిడ 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లకు గీత దాటింది, గడువుకి ఆరు సెకన్లు మిగిలి ఉండగా. అంతకుముందు డెబ్భై దాటిన ఆడమనిషి ఎవరూ ఆ పందెం పూర్తిచేయలేదు. ఆ పందెంలో చివరి గంటకి జనం ప్రత్యేకంగా మైదానానికి వస్తారు. గెలిచినవాణ్ణి చూసినవాళ్ళకంటే ఆఖరివాళ్ళను చూడ్డానికొచ్చేవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. ఆ రోజు ఆవిడ చివరి మైలులో పక్కన పరిగెత్తినవాళ్ళలో రాబ్ క్రార్ ఉన్నాడు. అంతకుముందు రోజు సాయంత్రమే ఆ పందెం గెలిచినవాడు. కాళ్ళకి హవాయి చెప్పులున్నాయి. వంద మైళ్ళు పరిగెత్తి, ఆ మర్నాడు పొద్దున ఆ చెప్పులతోనే ఒక పెద్దావిడ అడుగులో అడుగు కలపడానికి లేచి వచ్చాడు. అతను ఎన్ని గంటల్లో గెలిచాడో నాకు చూస్తే గాని గుర్తురాదు.

ఆ పందెం పుట్టిందే గుర్రాల పందెంలోంచి. 1974లో గోర్డీ ఏన్స్‌లీ అనేవాడు గుర్రం లేకుండా, గుర్రాల మధ్యే, ఆ 100 మైళ్ళూ పరిగెత్తి ఒక రోజు లోపల ముగించాడు. గుర్రాల పందెంలో ఇప్పటికీ దారిపొడుగునా పశువైద్యులుంటారు. నాడి చూసి, నడక చూసి, కుంటుతోందనిపిస్తే ఆపేస్తారు, ఎక్కినవాడు ఎంత మొత్తుకున్నా సరే. గుర్రం తరఫున మాట్లాడేవాడు ఒకడున్నాడు. శనివారం పూట ఒంటరిగా కొండమీద ఉన్న నీ మోకాలి తరఫున మాట్లాడేవాడెవడు? మధ్యలో ఆపి వెనక్కి వస్తే పరువు పోతుందనుకోకు. తూర్పు గట్టున నీళ్ళు దొరికే చోట్లు చాలా తక్కువ, మోసుకెళ్ళు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి ఉరుములు లేస్తాయి, ఆలోపు శిఖరాల మీంచి దిగిపో. చెవుల్లో ఆ గుండీలు తీసెయ్, వెనకొచ్చే సైకిలూ వినబడదు, ముందున్న గుర్రమూ వినబడదు. గుర్రం కనబడితే లోయ వైపు పక్కకి దిగి నిలబడి, ఏదో ఒకటి మాట్లాడు, నువ్వు మనిషివని దానికి తెలియాలి. టాహో మెడోస్ నుంచి టన్నెల్ క్రీక్ దాకా సైకిళ్ళకు సరిసంఖ్య తేదీల్లోనే అనుమతి, ప్రశాంతంగా పరిగెత్తాలంటే బేసి తేదీ చూసుకో. జెల్లు తాగిన కాగితాలు జేబులోనే ఉండాలి, వాటి చించిన మూలలతో సహా. కొండ రాళ్ళ మీద నిలబడి తీసుకున్న ఫోటోలు మాత్రం తెనాలికి పంపకు, మీ అమ్మ నిద్రపోదు.

వచ్చే నెల నేను వెళ్ళే బాట పనికి నువ్వూ రావాలి. రిమ్ ట్రెయిల్ సంఘం వాళ్ళు ఏటా వేసవిలో పెడతారు, ఎవరైనా పేరిచ్చుకోవచ్చు. నీకు మెక్‌లౌడ్ అనే పనిముట్టు ఇప్పిస్తాను, దానికి ఒక వైపు దంతె పళ్ళూ ఇంకో వైపు పార అంచూ ఉంటాయి, మొదటి గంటలోనే అరచేతులు బొబ్బలెక్కుతాయి. పొడుగు ప్యాంటు, చేతి తొడుగులు, గట్టి బూట్లు తెచ్చుకో, ఆ పరుగు బూట్లు పనికిరావు. నువ్వు అడ్డంగా దిగిన ఆ రెండు మెలికల్లో ఒకదాన్ని రాళ్ళూ ఎండు కొమ్మలూ పేర్చి మూసే పని ఉంటే అది మనమే అడుగుదాం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరు, తర్వాత శాక్రమెంటో దగ్గర బండ్లు కదలవు. వస్తూ రెండు కట్టలు గోంగూర తెమ్మని మీ అత్త చెబుతోంది, ఇక్కడ దొరకడం లేదు.

ఇట్లు,
మీ మామయ్య